ఐదుగురు కలిసి ఒక కుటుంబాన్ని రప్పిస్తే: కెనడాలో శరణార్థుల స్పాన్సర్‌షిప్ నడిచే తీరు

కెనడాలో ఇరవై ఏళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. మొదట ఈమెయిళ్ళలో, తర్వాత ఫేస్‌బుక్‌లో, ఇప్పుడు వాట్సాప్‌లో. శరణార్థిగా దిగినవాడికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు, జీవితమంతా పన్నులు కట్టి రిటైరైన పెద్దాయనకు వచ్చే పెన్షన్‌కన్నా ఎక్కువని దాని సారాంశం. అది నిజం కాదని ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో వివరణ పెట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఆగలేదు. వలస వచ్చి స్థిరపడ్డవాళ్ళు కూడా దాన్ని ఫార్వర్డ్ చేస్తుంటారు.

ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద విసుక్కుని లాభం లేదు. పరాయి దేశం నుంచి కష్టంలో వచ్చిన వాళ్ళందర్నీ మనం ఒకే గాట కట్టేస్తాం. ఎవరిని ఎవరు తీసుకొచ్చారు, ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ళు అన్నది విడదీసి చూడకపోతే ఎలాంటి లెక్కయినా నమ్మబుద్ధేస్తుంది. కాబట్టి ముందు ఆ చిక్కు విప్పాలి.

నైపుణ్యాన్ని చూసి వలసకు ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోనో చదువు ద్వారానో వచ్చిన మనలాంటి తెలుగువాళ్ళను పక్కన పెడదాం. విమానాశ్రయంలోనో, సరిహద్దు దగ్గరో, చదువుకోవడానికి వచ్చాకో "నన్ను వెనక్కి పంపితే ప్రాణాపాయం" అని శరణు కోరేవాళ్ళు ఒక రకం. వాళ్ళ కేసును ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు విచారిస్తుంది. ఒప్పుకోవచ్చు, కొట్టేయవచ్చు. 2022 తర్వాత ఉక్రెయిన్ నుంచి పెద్ద సంఖ్యలో వచ్చినవాళ్ళలో ఎక్కువమందివి తాత్కాలిక అనుమతులు, అది ఇంకో దారి. వీటికి భిన్నంగా, లెబనాన్‌లోనో జోర్డాన్‌లోనో కెన్యాలోనో ఏళ్ళ తరబడి ఆగి, అక్కడే ఇంటర్వ్యూలు, వైద్య పరీక్షలు, భద్రతా తనిఖీలు పూర్తిచేసుకుని, సాధారణంగా పీఆర్‌తోనే (శాశ్వత నివాస హక్కుతోనే) ఇక్కడ దిగేవాళ్ళు ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

వీళ్ళలో మళ్ళీ రెండు పాయలు. ప్రభుత్వమే తీసుకొచ్చి, గరిష్ఠంగా ఏడాది వరకు నెలనెలా డబ్బిచ్చేది ఒకటి. ఆ మొత్తం ఆయా రాష్ట్రాల్లో నిరుపేదలకు ఇచ్చే భృతికి అటూఇటూగా ఉంటుంది. ఒంటారియోలో ఒంటరి మనిషికి ఆ భృతి 2018 నుంచి నెలకు 733 డాలర్లు. టొరంటోలో ఒక్క బెడ్‌రూమ్ అద్దే 2 వేల డాలర్లు దాటుతోంది. వాట్సాప్ మెసేజ్ పుట్టుక ఏమిటంటే, మంచాలూ గిన్నెలూ కొనుక్కోవడానికి వచ్చిన రోజుల్లో ఒకేసారి ఇచ్చే డబ్బును నెలసరి భృతిలో కలిపేసి, అంతా ప్రతి నెలా వస్తుందన్నట్టు రాసేశారు.

రెండో పాయలో ప్రభుత్వం డబ్బివ్వదు, మామూలు జనం ఇస్తారు. కనీసం ఐదుగురు పౌరులో పీఆర్‌లో కలిసి ఒక గ్రూపు కట్టి, ఒక శరణార్థి కుటుంబాన్ని ఏడాదిపాటు మేమే చూసుకుంటామని ప్రభుత్వానికి రాసిస్తారు. చర్చి, మసీదు, ఊరి సంఘం లాంటివి కూడా స్పాన్సర్ కావచ్చు. ప్రభుత్వంతో శాశ్వత ఒప్పందం ఉన్న సంస్థలు వందకు పైగా ఉన్నాయి. వాటి నీడలో చిన్న చిన్న గ్రూపులు పనిచేస్తాయి. 2013లో మూడో దారి ఒకటి తెరిచారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ గుర్తించినవాళ్ళకు ఆరు నెలలు ప్రభుత్వం, మిగతా ఆరు నెలలు స్పాన్సర్లు డబ్బు పెట్టుకుంటారు. 

ఖర్చు చిన్నదేమీ కాదు. సిరియన్లు పెద్దఎత్తున వచ్చిన 2015 ప్రాంతంలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 27 వేల డాలర్లు చూపించాలని ప్రభుత్వం లెక్క కట్టింది. ఆ తర్వాత అద్దెలు ఎక్కడికి పోయాయో టొరంటోలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇది దానం కాదు, ఒప్పందం

ఈ ఏర్పాటును అర్థం చేసుకోవడంలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వీళ్ళను వాలంటీర్లు అంటాం కాబట్టి ఆదివారం వచ్చి దుప్పట్లు పంచి వెళ్ళే మనుషులు కళ్ళ ముందు మెదులుతారు. స్పాన్సర్ అలా వెళ్ళిపోలేడు. కుటుంబం దిగిన రోజు నుంచి 12 నెలలు (లేదా ఈలోపు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడేదాకా) ఇల్లు, తిండి, బట్ట ఆ గ్రూపు బాధ్యత. గ్రూపులో ఇద్దరికి పొత్తు కుదరక విడిపోయినా బాధ్యత పోదు. ఖర్చు పెట్టాం కదా అని ఆ డబ్బును తర్వాత శరణార్థుల దగ్గర వసూలు చేయడం, ముందే తీసుకుని స్పాన్సర్ చేయడం రెండూ నిషేధం.

ఇలాంటి చట్టం ఊరికే రాలేదు. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆ దేశం నుంచి ఆసియా వాళ్ళను, అంటే ఎక్కువగా గుజరాతీలను, 90 రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టాడు. కెనడా వేలమందిని విమానాల్లో తెచ్చుకుంది. అప్పటికి అదంతా ప్రభుత్వం పని. 1976లో చేసి 1978లో అమల్లోకి తెచ్చిన వలస చట్టంలో, జనం కూడా శరణార్థులను స్పాన్సర్ చేయవచ్చన్న వెసులుబాటు పెట్టారు. కొంతకాలం దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1979 మార్చిలో మెనొనైట్ క్రైస్తవ సంఘం ప్రభుత్వంతో మొదటి ఒప్పందం రాసుకుంది. అదే ఏడాది వేసవిలో వియత్నాం పడవల మీద జనం సముద్రంలో కొట్టుకుపోతున్న దృశ్యాలు టీవీల్లో రావడంతో కదలిక మొదలైంది. టొరంటోలో హోవార్డ్ ఎడెల్మన్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ ఇరుగుపొరుగును, చర్చి వాళ్ళను, యూదు గుడి వాళ్ళను తన ఇంట్లో సమావేశపరిచాడు. మంత్రికి ఒక ఉత్తరం రాద్దామన్నది మొదటి ఆలోచన. ఉత్తరాలెందుకు, మీరే స్పాన్సర్ చేయండని అక్కడికొచ్చిన అధికారులు దారి చూపించారు. అలా పుట్టిందే ఆపరేషన్ లైఫ్‌లైన్. ప్రజలు ఒకరిని తెస్తే మేమూ ఒకరిని తెస్తామని ప్రభుత్వం ఆ జూలైలో ప్రకటించింది. 1980 చివరికల్లా 60 వేలమంది వచ్చారు. సగానికి పైగా స్పాన్సర్ల చేతుల మీదుగానే. 1986లో శరణార్థి సేవకిచ్చే నాన్సెన్ పతకాన్ని ఐక్యరాజ్యసమితి సంస్థ మొత్తం కెనడా ప్రజలకు ఇచ్చింది. ఒక దేశ ప్రజలందరికీ కలిపి దాన్నివ్వడం అదొక్కసారే.

అప్పటి నుంచి ఈ దారిలో 3 లక్షలమందికి పైగా వచ్చారు.

ఆ ఏడాదిలో ఏం జరుగుతుంది

సినిమా ఫక్కీలో చెప్పాలంటే విమానాశ్రయంలో పూలగుత్తి, చలి కోటు. 2015 డిసెంబరులో టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో మొదటి సిరియన్ విమానం దిగినప్పుడు ప్రధాని ట్రూడో స్వయంగా కోట్లు తొడిగించిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కోటు పెద్ద సమస్య కాదు, ఏ సెకండ్‌హ్యాండ్ షాపులోనైనా దొరుకుతుంది. అసలు తలనొప్పి ఇల్లు.

ఒంటారియో చట్టం ప్రకారం మొదటి నెల అద్దెతో పాటు చివరి నెల అద్దె మాత్రమే అడ్వాన్సుగా అడగొచ్చు. ఇంటి యజమాని ఇంకో మూడు అడుగుతాడు: క్రెడిట్ స్కోరు, ఉద్యోగం లెటర్, పాత ఇంటి యజమాని ఇచ్చిన మంచిమాట. లెబనాన్‌లోని బెకా లోయలో గుడారంలో ఆరేళ్ళు ఉన్న మనిషి దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. ఇక్కడ స్పాన్సర్ల డబ్బు కన్నా వాళ్ళ ముఖం ఎక్కువ పనిచేస్తుంది. గ్రూపులో ఒకరు గ్యారంటీ సంతకం పెడతారు. లేదా ఇంకొకరికి తెలిసినవాళ్ళ బేస్‌మెంట్ ఖాళీగా ఉంటుంది.

ఆ తర్వాత కాగితాల వరస. సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య కార్డు, పిల్లల స్కూలు, పెద్దలకు ఉచిత ఇంగ్లీషు క్లాసు కోసం స్థాయి పరీక్ష, పిల్లల భత్యానికి దరఖాస్తు. విడివిడిగా చూస్తే ఏదీ కష్టం కాదు. ఒకదానికి ఇంకొకటి కావాలి, ప్రతి కౌంటర్‌లో అడ్రస్ రుజువు అడుగుతారు, ఏ ఫారమూ వాళ్ళ భాషలో ఉండదు. అనుభవమున్న గ్రూపులు మనిషికొక శాఖ పంచుకుంటాయి: ఇల్లొకరు, స్కూలొకరు, ఆసుపత్రులొకరు, డబ్బు లెక్క ఒకరు. అందరూ అన్నీ చేయబోతే ఒకే పిల్లాడికి పళ్ళ డాక్టర్ దగ్గర రెండు అపాయింట్‌మెంట్లు పడి, తండ్రి ఇంగ్లీషు క్లాసు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

దుబాసీ విషయంలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పిల్లలు రెండు మూడు నెలల్లోనే ఇంగ్లీషు పట్టేస్తారు. దాంతో అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు పదకొండేళ్ళ కూతుర్నే పక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం సులువైన పని. ఆ తల్లి కూతురి నోటితో తన గర్భస్రావం గురించో, జైల్లో పడ్డ దెబ్బల గురించో చెప్పించుకోదు. చెప్పకుండా వదిలేస్తుంది. పెద్ద దుబాసీ దొరికేదాకా అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోవడమే మేలు.

ఇవన్నీ చదువుతుంటే ఎక్కడో చూసినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పియర్సన్‌లో దిగే కుర్రాడికి ఇదంతా ఎవరు చేస్తారు? కాలేజీ సీనియర్ కారేసుకుని వస్తాడు. పిన్నిగారి తోడికోడలి తమ్ముడి బేస్‌మెంట్‌లో మొదటి నెల. ఏ ఫోన్ ప్లాన్ తీసుకోవాలి, ఏ బ్యాంకు కార్డు ముందు తీసుకుంటే క్రెడిట్ మొదలవుతుంది, పప్పు ఎక్కడ చవక, అన్నీ గ్రూపులో అడిగితే పది నిమిషాల్లో జవాబు. మొదటి ఉద్యోగం కూడా తరచూ ఎవరో ఒక అన్నయ్య రిఫరల్‌తోనే. మనం దీన్ని సాయం అని కూడా అనుకోం. శరణార్థికి లేనిది సరిగ్గా ఈ బలగమే. స్పాన్సర్ గ్రూపు ఇచ్చే డబ్బు ఏడాదిలో అయిపోతుంది. గ్రూపులో ఉన్న ఐదుగురికీ తలో వందమంది తెలిసి ఉండటం అయిపోదు. వడ్రంగం తెలిసిన తండ్రికి కిచెన్ క్యాబినెట్లు చేసే షాపు ఓనర్‌ను పరిచయం చేసిన వాలంటీర్, సంచుల కొద్దీ బట్టలిచ్చిన వాలంటీర్ కన్నా ఎక్కువ చేసినట్టు.

గణాంకాలూ ఇటే మొగ్గుతాయి. స్పాన్సర్ల ద్వారా వచ్చినవాళ్ళు, ప్రభుత్వం తెచ్చినవాళ్ళ కన్నా త్వరగా ఉద్యోగాల్లో చేరుతున్నారని, మొదటి కొన్నేళ్ళలో వాళ్ళ సంపాదనా ఎక్కువని ప్రభుత్వం చేయించిన మదింపులే చెబుతున్నాయి. దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఎవరూ స్పాన్సర్ చేయని వాళ్ళను, అంటే ఒంటరి తల్లులను, వైకల్యం ఉన్నవాళ్ళను, బడి మొహం చూడని వాళ్ళను ప్రభుత్వం ఎక్కువగా తెస్తుంది. స్పాన్సర్ల దారిలో వచ్చేవాళ్ళలో చాలామందికి ఇక్కడ ముందే చుట్టాలుంటారు. కాబట్టి ఘనతంతా వాలంటీర్లదే అనలేం. అయితే ఈ తేడాలను లెక్కలోకి తీసుకున్నా కొంత వ్యత్యాసం మిగులుతోంది, ముఖ్యంగా చదువు, భాష తక్కువున్న వాళ్ళలో.

సాయం ఎక్కడ పెత్తనమవుతుంది

ఎవరూ బయటికి చెప్పుకోని భాగం ఇది. ఐదుగురు మంచివాళ్ళు తమ జేబులోంచి డబ్బు తీసి ఒక కుటుంబానికి పెడుతున్నారు. ఆ కుటుంబం ఏం కొంటోందో వాళ్ళకు కనిపిస్తుంది. మూడో నెలలో ఇంట్లోకి పెద్ద టీవీ వస్తుంది. తండ్రి సిగరెట్లు మానలేదు. నెలకు 200 డాలర్లు జోర్డాన్‌లో ఉండిపోయిన తల్లికి పంపిస్తున్నాడని ఎవరికో తెలుస్తుంది. గ్రూపు మీటింగ్‌లో గొణుగుడు మొదలవుతుంది: "మనం విరాళాలు అడిగి తెచ్చింది ఇందుకా?"

నా ఉద్దేశంలో జవాబు సూటిగానే ఉంది. ఇచ్చిన డబ్బు వాళ్ళదే. గల్ఫ్‌లో అప్పు చేసి దిగి, రెండో నెల నుంచే ఊళ్ళో అమ్మకు పంపే మనిషిని మనం బాధ్యత గలవాడంటాం. ఇక్కడ అదే పని తప్పెలా అవుతుంది? నిబంధనలు కూడా కుటుంబం వైపే ఉన్నాయి. వచ్చినవాళ్ళు పీఆర్‌లు. ఇష్టమైతే టొరంటో వదిలి ఎడ్మంటన్ వెళ్ళిపోవచ్చు. పిల్లల భత్యం వస్తోంది కదా అని ఆ మేరకు స్పాన్సర్లు తమ వాటా తగ్గించుకోకూడదు. కుటుంబం అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకూడదన్నది ఎక్కడ రాసున్నా లేకున్నా పాటించాల్సిన మర్యాద. వదిలొచ్చిన దేశంలో చుట్టాలున్నవాళ్ళకు ఆ ఫొటో ప్రమాదం కూడా కావచ్చు.

చిక్కేమిటంటే కుటుంబానికి "వద్దు" అనే ధైర్యం ఉండదు. అద్దె చెక్కు ఇచ్చే మనిషి ఆదివారం చర్చికి రమ్మంటే, ఆ పిలుపు మొహమాటానిదో షరతో వాళ్ళకెలా తెలుస్తుంది? ఇంగ్లీషు ముందా, ఉద్యోగం ముందా అన్న దగ్గర ఎక్కువ గొడవలొస్తాయి. ఏడాదిపాటు హాయిగా క్లాసులకు వెళ్ళమంటారు స్పాన్సర్లు. ఫ్యాక్టరీలోనైనా వెంటనే చేరతానంటాడు తండ్రి, విమాన టికెట్ల అప్పు తీర్చాలి కదా. అవును, ఆ టికెట్లు చాలావరకు ఉచితం కాదు. ప్రభుత్వం అప్పిచ్చి తర్వాత వాయిదాల్లో వసూలు చేస్తుంది. 2018 దాకా దాని మీద వడ్డీ కూడా వేసేది. ఇద్దరి వాదనలోనూ బలముంది, కానీ నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు. మంచి గ్రూపులు డబ్బు లెక్క చూసే మనిషిని, కుటుంబంతో స్నేహంగా తిరిగే మనిషిని వేరుగా ఉంచుతాయి. నెల మొత్తానికి సరిపడా డబ్బు ఒకేసారి వాళ్ళ ఖాతాలో వేసి రశీదులు అడగడం మానేస్తాయి.

పదమూడో నెల అని స్పాన్సర్లు భయంభయంగా చెప్పుకునేది ఒకటుంది. ఏడాది ముగిసి డబ్బు ఆగే నెల. ఉద్యోగం రాకపోతే కుటుంబం ప్రభుత్వ భృతికి దరఖాస్తు పెట్టుకుంటుంది. కొందరు స్పాన్సర్లు దాన్ని తమ ఓటమిగా తీసుకుంటారు. అవసరం లేదు. భాష రాని అరవై ఏళ్ళ మనిషికి 12 నెలలు చాలవని తెలిసే చట్టం భృతికి దారి ఉంచింది. ఆ ఫారం ఎలా నింపాలో పన్నెండో నెలలోనే నేర్పించడం గ్రూపు పనిలో భాగం.

క్యూలో ఎవరు ముందు

ఈ ఏర్పాటులో ఇంకో మడత పేచీ ఉంది. స్పాన్సర్లు ఎవరిని తెచ్చుకోవాలో పేరు పెట్టి అడగొచ్చు. మొదట అపరిచిత కుటుంబాన్ని తెస్తారు. ఏడాది తిరక్కుండానే ఆ ఇల్లాలు, "మా చెల్లెలు బీరూట్‌లో ఉంది, పిల్లలతో" అంటుంది. కాదనడం ఎవరి తరం? ఆ చెల్లెలి తర్వాత ఆవిడ మరిది. ఇలా దరఖాస్తుల్లో ఎక్కువ భాగం చుట్టరికం మీద నడుస్తున్నాయి. ఆ కుటుంబాల వైపు నుంచి చూస్తే ఇది న్యాయం, పైగా వచ్చినవాళ్ళకు బలగం సిద్ధంగా ఉంటుంది. కానీ కెనడాలో ఎవరూ లేని సూడాన్ వితంతువు పేరు ఎవరూ రాయరు.

దీనికి తోడు పాత సూత్రం ఒకటి మసకబారింది. జనం తెచ్చేవాళ్ళు ప్రభుత్వం తెచ్చేవాళ్ళకు అదనం కావాలన్నది 1979 నుంచి ఉన్న మాట. గత దశాబ్దంలో చాలా ఏళ్ళు ప్రభుత్వ లక్ష్యాల కన్నా స్పాన్సర్ల కోటాయే పెద్దది. ప్రజల ఉదారతను చూపించి ప్రభుత్వం తన వాటా తప్పించుకుంటోందన్న విమర్శ అక్కడి నుంచే వచ్చింది, అది ఉత్త ఆరోపణ కాదు. మరోవైపు దరఖాస్తులు గుట్టలుగా పేరుకుని, గ్రూపు కట్టినప్పుడు పుట్టిన బిడ్డ నడక నేర్చి బడికెళ్ళినా కుటుంబం దిగని పరిస్థితి వచ్చింది. 2024 నవంబరులో ఐదుగురి గ్రూపుల నుంచి, స్థానిక సంఘాల నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడాన్ని ప్రభుత్వం నిలిపేసింది. పెద్ద ఒప్పంద సంస్థల దారి మాత్రం కోటా మేరకు మిగిలింది.

ఈ నమూనాను చూసి బ్రిటన్ 2016లో, ఆస్ట్రేలియా 2022లో, అమెరికా 2023లో తమ తమ రకాలు మొదలుపెట్టాయి. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల రాకనే ఆపేయడంతో వెల్కమ్ కోర్ అనే అక్కడి స్పాన్సర్‌షిప్ పథకం కథ ముగిసింది. జనం ఎంత సిద్ధంగా ఉన్నా తలుపు తాళం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది.

మన దగ్గర పరిస్థితి ఏమిటని అడిగితే, అసలు తలుపే వేరు. భారత్ 1951 శరణార్థి ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్యసమితి సంస్థ కార్డు ఉన్నా, దాంతో ఆధార్ రాదు. అక్కడ పిల్లల్ని బడిలో చేర్పించే, ఆసుపత్రికి తోడెళ్ళే స్వచ్ఛంద కార్యకర్తలు చేసే పని పైకి టొరంటో వాలంటీర్ పనిలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే వీళ్ళు సాయపడే కుటుంబం రేపు ఇక్కడ ఉంటుందో లేదో వీళ్ళకే తెలియదు. 1960ల్లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం షాపులూ వ్యాపారాలూ జాతీయం చేశాక అక్కడి నుంచి వెనక్కొచ్చిన తెలుగువాళ్ళకు ఆ భయం లేదు, వాళ్ళను ప్రభుత్వం కాందిశీకులుగా గుర్తించి పునరావాసం చూపింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు ఇంకా ఉంది.

కెనడాలో ఉన్న తెలుగువాళ్ళలో ఇది చదివి ఏమైనా చేద్దామనుకునేవాళ్ళకు స్పాన్సర్‌షిప్ ఒక్కటే మార్గం కాదు. ఇప్పటికే దిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళ పదమూడో నెల దగ్గర పడుతూనే ఉంటుంది. స్థిరపడటానికి సాయపడే ఏ సంస్థకు వెళ్ళినా ముందు పోలీసు తనిఖీ కాగితం అడుగుతారు, అది సిద్ధం చేసుకోండి. ఇంగ్లీషు మాట్లాడించడానికి వారానికో గంట ఇవ్వగలిగితే చాలా చోట్ల తీసుకుంటారు. ఐటీలో, అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళకు ఇంకా మంచి పని ఒకటుంది. పిల్లల భత్యం ఆగకుండా రావాలంటే ఆదాయం సున్నా అయినా ప్రతి ఏడాదీ తల్లిదండ్రులిద్దరూ టాక్స్ రిటర్న్ వేయాలి. ఈ సంగతి తెలియక భత్యం ఆగిపోయే ఇళ్ళుంటాయి. రెవెన్యూ ఏజెన్సీ శిక్షణతో వాలంటీర్లు నడిపే ఉచిత టాక్స్ క్లినిక్‌లు లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో మార్చి, ఏప్రిల్ నెలల్లో జరుగుతాయి. రిటర్న్ వేయడానికి చివరి తేదీ ఏప్రిల్ 30. వాలంటీర్‌గా పేరు మాత్రం చలికాలంలోనే ఇచ్చుకోవాలి.